వయసు పెరగని ఛానల్

(ఉపకార వేతనాల పంపిణీ సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభల్లో మాట్లాడే పెద్దలు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. ఒకటి, బాగా చదువుకోండి. రెండు, టీవీ చూడకండి. ఈమధ్య టీవీ బదులు ఫోన్ అంటున్నారు, అంతే తేడా. మొదటి మాట మీకు చెప్పనక్కరలేదు. చదివారు కనుకనే ఇక్కడ కూర్చున్నారు. రెండో మాట ఎవరూ వినరు. అందుచేత నేను ఈ రోజు టీవీ గురించే మాట్లాడదలచుకున్నాను. అదీ ఒక్క ఛానల్ గురించి. కుర్రకారు కోసమే పుట్టి, కుర్రకారు మీదే బతికి, చివరకు ఆ కుర్రకారు వేరే దారి పట్టేసరికి చిక్కిపోయిన ఛానల్. దాని పేరు ఎం టీవీ. ఆ కథలో పిల్లలు నేర్చుకోవలసింది కొంత ఉంది. పెద్దలం నేర్చుకోవలసింది అంతకంటే ఎక్కువ ఉంది.

పుట్టుక

1981 ఆగస్టు 1వ తేదీ, అర్ధరాత్రి దాటి ఒక నిమిషం. అమెరికాలో ఎం టీవీ ప్రసారం మొదలైంది. వార్నర్ కంపెనీ, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కంపెనీ కలిసి నడిపిన సంస్థ దానికి సొంతదారు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన దృశ్యాలు చూపించి, అక్కడ పాతిన జెండా మీద తమ గుర్తు వేసుకుని ప్రారంభించారు. మొట్టమొదట వేసిన పాట బగుల్స్ అనే బ్రిటిష్ బృందానిది. వీడియో వచ్చి రేడియో పాటగాణ్ణి దెబ్బతీసిందన్నది దాని సారాంశం. పేరుకు తగ్గ ఎంపిక.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ ఛానల్ ఆఫీసు న్యూయార్క్‌లో ఉంది. కానీ మన్‌హాటన్‌లో ఉన్న కేబుల్ మీద ఆ ఛానల్ రాదు. తాము తయారుచేసిన ఛానల్‌ను తాము చూసుకోవడానికి ఆ సిబ్బంది నది దాటి న్యూజెర్సీలోని ఒక హోటల్‌కు వెళ్ళవలసి వచ్చింది. కార్యక్రమాల బాధ్యత చూసిన రాబర్ట్ పిట్‌మన్‌కు అప్పటికి 27 ఏళ్ళు. ఆయన కింద పనిచేసిన వారిలో చాలామంది దాదాపు అదే వయసువారు. చేతిలో ఉన్నవి కొద్ది వందల వీడియోలు మాత్రమే. రోజుకు 24 గంటలు నింపాలి. అందుకే వేసినవే మళ్ళీ మళ్ళీ వేశారు. అమెరికా సంగీత కంపెనీలకు అప్పటికి పాటకు వీడియో తీసే అలవాటు పెద్దగా లేదు. బ్రిటన్‌లో ఉంది. అందువల్ల అమెరికా రేడియోల్లో ఎవరికీ తెలియని బ్రిటిష్ బృందాలు ఈ ఛానల్ పుణ్యమా అని ఇంటింటికీ తెలిశాయి.

తీగ చివర ఉన్నవాడు

ఇప్పుడు ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో కొంచెం చెబుతాను. కామర్స్ చదివే పిల్లలు శ్రద్ధగా వినాలి.

కేబుల్ ఛానల్‌కు రెండు రాబడులు. ఒకటి ప్రకటనలు. రెండోది, ప్రతి కనెక్షన్‌కు నెలకు ఇంత అని కేబుల్ వాడు ఛానల్‌కు కట్టే సొమ్ము. పే ఛానల్ అంటే అదే. వీటికి తోడు ఎం టీవీకి ఒక గొప్ప సౌకర్యం ఉంది. ముడిసరుకు ఉచితం. సంగీత కంపెనీలు తమ రికార్డులు అమ్ముకోవడానికి సొంత ఖర్చుతో వీడియోలు తీసి ఛానల్‌కు ఇచ్చేవి. అంటే ఒకరి ప్రకటనే మరొకరికి కార్యక్రమం అయింది.

అయినా ఒక అడ్డంకి మిగిలింది. తీగ చివర ఉన్న కేబుల్ ఆపరేటరు ఒప్పుకోవాలి. ఈ గోల పాటలు మాకెందుకని చాలామంది ఆపరేటర్లు తీసుకోలేదు. 1982లో ఛానల్ ఒక ఎత్తు వేసింది. మిక్ జాగర్ వంటి పేరున్న గాయకుల చేత టీవీలో చెప్పించింది. నా ఎం టీవీ నాకు కావాలని మీ కేబుల్ కంపెనీకి ఫోన్ చేసి అడగండి అని. కుర్రాళ్ళు ఫోన్లు చేశారు. ఆపరేటర్లు దిగివచ్చారు. బిల్లు కట్టేది తండ్రి. అడిగేది కొడుకు. ఈ లెక్క కనిపెట్టడంలోనే ఆ ఛానల్ తెలివంతా ఉంది. మన ఇళ్ళల్లో సెల్‌ఫోన్లు, బైకులు, బిస్కట్లు అమ్మేవాళ్ళందరూ అదే లెక్క వాడుతున్నారు. తల్లిదండ్రులు గమనించగలరు.

గుమ్మం దగ్గర ఆపినవారు

ఎం టీవీ యువతరం గొంతు అని చెప్పుకుంది. మరి ఏ యువతరం?

మొదటి రెండేళ్ళూ ఆ ఛానల్‌లో నల్లజాతి కళాకారులు చాలా అరుదుగా కనిపించారు. మాది రాక్ సంగీతం ఛానల్, వారిది ఆ కోవలోకి రాదు అన్నది యాజమాన్యం సమాధానం. రిక్ జేమ్స్ అనే గాయకుడు దీన్ని బహిరంగంగానే విమర్శించాడు. 1983లో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బౌవీ ఇంటర్వ్యూకి వచ్చి, ప్రశ్నలడగవలసిన మార్క్ గుడ్‌మన్‌నే ఎదురు ప్రశ్నించాడు, మీ ఛానల్‌లో నల్లవారు ఎందుకింత తక్కువ అని. అతను చిన్న ఊళ్ళ ప్రేక్షకులు ఒప్పుకోరేమోనని ఏదో నచ్చజెప్పబోయాడు. బౌవీకి ఆ జవాబు నచ్చలేదు. ఆయన తెల్లవాడు, పేరున్నవాడు, ఆ ఛానల్ వల్ల లాభపడుతున్నవాడు. అడగకపోయినా ఆయనకు పోయేదేమీ లేదు. అయినా అడిగాడు.

అదే ఏడాది మైకేల్ జాక్సన్ బిల్లీ జీన్ వీడియో ఆ ఛానల్‌లో వచ్చింది. సంగీత కంపెనీ ఒత్తిడి పెట్టిందని కొందరంటారు, అదేమీ లేదని ఛానల్ వారంటారు. ఏది ఏమైనా తలుపు తెరుచుకుంది. 1983 డిసెంబరు 2న జాక్సన్ థ్రిల్లర్ వీడియో, దాదాపు 14 నిమిషాలది, మొదటిసారి ప్రసారమైంది. ఛానల్ జాతకం మారింది. ఎవరిని మా కోవ కాదని ఆపారో, ఆ వర్గం మనిషే ఆ ఛానల్‌ను నిలబెట్టాడు. 1988లో ర్యాప్ సంగీతానికి ప్రత్యేక కార్యక్రమమే పెట్టారు. నల్లవారి పేటల్లో పుట్టిన ఆ సంగీతం దానితో దేశమంతా తెలిసింది.

ఈ ఘట్టం గుర్తుపెట్టుకోండి. చివర దీనితో పని ఉంది.

మన దేశానికి వచ్చినప్పుడు

1991లో హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ ఉపగ్రహ ప్రసారాలు మొదలుపెట్టింది. దానితోపాటు ఎం టీవీ కూడా మన ఆకాశం మీదికి వచ్చింది. అంతవరకు మనకున్నది దూరదర్శన్. పాటలంటే వారానికొకసారి చిత్రహార్. హైదరాబాద్ కేంద్రం అందే ప్రాంతంలో ఉంటే శుక్రవారం చిత్రలహరి. బరంపురంలోనో షోలాపూర్‌లోనో ఉన్న తెలుగువారికి ఆ భాగ్యమూ లేదు. ఆ రోజుల్లో డాబా మీద పెద్ద గొడుగు లాంటి డిష్షు పెట్టి, చెట్ల మీదుగా, కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి, వీధి వీధికీ కేబుల్ వాళ్ళు బయలుదేరారు. ఇక్కడున్న పెద్దలకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి.

1994లో స్టార్‌కూ ఎం టీవీకీ చెడింది. ఎం టీవీ వెళ్ళిపోయింది. దాని స్థానంలో స్టార్ ఛానల్ వి పెట్టింది. అది తొందరగానే హిందీ పాటలు, మన దేశపు హాస్యం కలుపుకుని జనంలోకి వెళ్ళింది. ఎం టీవీ 1996లో ప్రత్యేకంగా ఎం టీవీ ఇండియా పేరుతో తిరిగి వచ్చింది. మొదట్లో ఇంగ్లీషు పాటల మీదే ఎక్కువ ఆధారపడింది. ప్రపంచంలో కుర్రాళ్ళందరూ ఒకటే, వాళ్ళకు కావలసిన పాటా ఒకటే అన్న నమ్మకం. ఆ నమ్మకం ఇక్కడ నిలబడలేదు. ఇంగ్లీషు పాట వినే కుర్రాడు కూడా పెళ్ళిలో సినిమా పాటకే గంతులేస్తాడు. కొద్ది కాలానికే ఎం టీవీ హిందీ సినిమా పాటలకు, వీధిలో జనాన్ని ఆటపట్టించే సైరస్ బరూచా బక్రా వంటి కార్యక్రమాలకు మళ్ళింది. ప్రపంచాన్ని జయించి వచ్చిన ఛానల్, ఇంట్లో మాట్లాడే భాష దగ్గర తల వంచింది.

అయితే ఏ భాష దగ్గర? హిందీ దగ్గర. కారణం లెక్కలే. ఇక్కడ కేబుల్ ఆపరేటర్లు తమ వద్ద ఉన్న కనెక్షన్ల సంఖ్య తక్కువ చేసి చూపేవారు. కాబట్టి నెల రుసుము ఛానళ్ళకు సరిగా చేరేది కాదు. ప్రకటనలే ఆధారం. ప్రకటనలు ఎక్కువమంది ఉన్న భాష వైపు పోతాయి. 2012 నుంచి దశలవారీగా సెట్‌టాప్ బాక్సులు తప్పనిసరి చేశాకగానీ ఆ కనెక్షన్ల లెక్క తేలలేదు.

దక్షిణాది కుర్రవాళ్ళకు ఎవరు పాట వేశారు? చెన్నై నుంచి 2000ల తొలి ఏళ్ళలో ఎస్ ఎస్ మ్యూజిక్ అనే ఛానల్ తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం పాటలు ఒకే చోట ప్రసారం చేసేది. హోసూరులో, కోలారులో, బళ్ళారిలో ఉండే మన పిల్లల బతుకు కూడా అంతే గదా, బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష, ఇంట్లో ఒక భాష. అంతకుముందే, 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. ఆకాశం నుంచి పడే ఆ ప్రసారాలకు రాష్ట్ర సరిహద్దు అడ్డు కాలేదు. రాయగడలో, భివండీలో, యానాంలో ఒకే పూట ఒకే తెలుగు వార్తలు టీవీలో చూడగలిగారు. ప్రవాసంలో ఉన్న తెలుగుకు కేబుల్ తీగ చేసిన మేలు చిన్నది కాదు. ఆ సంగతి కృతజ్ఞతతో చెప్పుకోవాలి.

పాట ఎక్కడికి పోయింది

మ్యూజిక్ టెలివిజన్ అని పేరు పెట్టుకున్న ఛానల్‌లో క్రమంగా పాట మాయమైంది. ఎందుకు?

పాట మూడు నాలుగు నిమిషాలు. నచ్చకపోతే ప్రేక్షకుడు వెంటనే రిమోట్ నొక్కుతాడు. అరగంట కథ అయితే కూర్చుంటాడు. కూర్చుంటేనే ప్రకటన అమ్ముడవుతుంది. 1992లో అమెరికాలో ఎం టీవీ ది రియల్ వరల్డ్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ముందు అనుకున్నది రచయితలు, నటులు ఉండే సీరియల్. ఖర్చు ఎక్కువైంది. అందుకని ఒకరికొకరు తెలియని ఏడుగురు కుర్రవాళ్ళను న్యూయార్క్‌లో ఒకే ఇంట్లో ఉంచి, కెమెరాలు పెట్టి, జరిగినది కత్తిరించి చూపించారు. రచయిత లేడు, నటుడు లేడు. వాళ్ళ పోట్లాటలే కథ. ఈనాడు అన్ని భాషల్లోనూ నడుస్తున్న రియాలిటీ షోలు చాలావాటికి అది పెద్దన్న.

మన దేశంలో 2003లో ఎం టీవీ రోడీస్ మొదలైంది. మోటారు సైకిళ్ళ మీద ప్రయాణం, పందాలు, ఓట్లేసి ఒకరినొకరు పంపించుకోవడం. మోటారు సైకిళ్ళ కంపెనీ హీరో హోండాయే దానికి ప్రధాన ప్రాయోజకులు. కార్యక్రమమే ప్రకటన అయిపోయిందన్నమాట. దాన్ని రూపొందించి, ఇంటర్వ్యూల్లో కుర్రాళ్ళను గద్దించి పేరు పొందిన రఘురామ్ తెలుగు కుటుంబంలో పుట్టి ఢిల్లీలో పెరిగినవాడే. దేశమంతటి కుర్రకారును టీవీ ముందు కూర్చోబెట్టిన కార్యక్రమం వెనుక సొంత రాష్ట్రం బయట పెరిగిన తెలుగువాడున్నాడు. ఆ కార్యక్రమంలోని అరుపులు, అవమానాలు నాకు నచ్చవు. ఆ సామర్థ్యాన్ని మాత్రం కాదనలేను.

2005లో యూట్యూబ్ వచ్చింది. ఛానల్ వాడు ఎప్పుడు వేస్తాడా అని పాట కోసం కాచుకుని కూర్చునే అవసరం తీరిపోయింది. 2010లో ఎం టీవీ తన గుర్తు కింద ఉన్న మ్యూజిక్ టెలివిజన్ అన్న మాటలు తీసేసింది. మన దేశంలో ఛానల్ వి 2018 సెప్టెంబరులో మూతపడింది. 2023లో ఎం టీవీ వార్తా విభాగం మూసేశారు. బ్రిటన్‌లో పాటలు వేసే ఐదు ఎం టీవీ ఛానళ్ళు 2025 డిసెంబరు 31తో ఆగిపోయాయి.

లోపం ఎక్కడుంది

సాంకేతికం మారింది కనుక పోయింది అనడం సులువు. అది సగం నిజం. మిగతా సగం నాకు ఇలా తోస్తుంది.

ఆ ఛానల్‌కు వయసు పెరగకూడదు. దాని సరుకే యవ్వనం. 1981లో 18 ఏళ్ళున్నవాడు 1991 నాటికి 28 ఏళ్ళవాడై పెళ్ళి చేసుకుని అప్పులు కట్టుకుంటూ ఉంటాడు. ఛానల్‌కు వాడితో పని లేదు. వాణ్ణి దించేసి కొత్తగా 18 ఏళ్ళవాణ్ణి ఎక్కించుకోవాలి. ప్రతి కొన్నేళ్ళకూ తన ప్రేక్షకుణ్ణి తానే వదిలిపెట్టే వ్యాపారం అది. కనుక దానికి మనుషులు మారారే గాని వంశం ఏర్పడలేదు. కొత్తవాళ్ళు మరో చోటికి వెళ్ళిన రోజున వెనక్కి తిరిగి చూసుకుంటే పాతవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు.

మన సమాజాలది సరిగ్గా దీనికి తిరగబడ్డ రోగం. తరాల క్రితం నేత పనికో, వ్యాపారానికో, రైల్వేలకో, సేద్యానికో వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. సంఘాలు పెట్టుకున్నాం, గుళ్ళు కట్టుకున్నాం, ఇటువంటి ట్రస్టులు నడుపుకుంటున్నాం. ఎం టీవీ పెద్దలను వదిలేసింది. మనం పిల్లలను వదిలేస్తున్నాం. ఉగాది సభకు వస్తే ముందు వరుసలో నెరిసిన తలలే. ఈ బులెటిన్ అందుకునే పిల్లల్లో ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడుతూ కూడా ఈ అక్షరాలు చదవలేనివారు ఎందరో ఉన్నారు. వారు చదివిన లిపి కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ. అది వారి తప్పు కాదు, బడిలో తెలుగు లేదు. మనం ఉపకార వేతనం చెక్కు ఇస్తున్నాం. దానితోపాటు ఇచ్చే బులెటిన్‌ను వారు అమ్మమ్మ చేత చదివించుకుంటున్నారు. అమ్మమ్మ లేని రోజున ఎవరు చదివి పెడతారు? ఈ ప్రశ్నకు ఇక్కడున్న పెద్దలమందరమూ జవాబు వెతకాలి.

మూడు విన్నపాలు

ట్రస్టు పెద్దలకు మొదటి విన్నపం. బులెటిన్‌లో నాలుగు పేజీలు విద్యార్థులకు వదిలేయండి. వారికోసం మనం రాసే పేజీలు కాదు, వారే ఎంచి, వారే దిద్ది, వారే కూర్చే పేజీలు. 27 ఏళ్ళ పిట్‌మన్ చేతికి ఒక పెద్ద కంపెనీ తన ఛానల్‌ను అప్పగించింది. మనం నాలుగు పేజీలు అప్పగించలేమా? లిపి రానివారు ఫోనులో చెబితే వచ్చినవారు రాసి పెడతారు. పక్కన కూర్చుని రాయించుకుంటే నెల తిరిగేలోపు అక్షరాలు వాటంతటవే పట్టుబడతాయి.

రెండో విన్నపం అందరు పెద్దలకూ. పిల్లలు మాట్లాడే తెలుగును గుమ్మం దగ్గర ఆపకండి. బళ్ళారి తెలుగులో కన్నడం ఉంటుంది, హోసూరు తెలుగులో తమిళం ఉంటుంది, బరంపురం తెలుగులో ఒడియా ఉంటుంది. ఇది మా కోవలోకి రాదు అని ఎం టీవీ నల్లవారి పాటను ఆపినట్టే, ఇది తెలుగే కాదు అని మనం పిల్లవాడి మాటకు నవ్వుతున్నాం. ఒకసారి నవ్వులపాలైనవాడు రెండోసారి ఆ భాషలో నోరెత్తడు. ఆ ఛానల్‌ను నిలబెట్టింది ఎవరో ఇందాకే చెప్పాను. మన భాషను ఇక్కడ నిలబెట్టేవాడు కూడా ఆ కలగలుపు తెలుగువాడే కావచ్చు.

మూడో విన్నపం విద్యార్థులకు. మీ చేతిలో ఉన్న ఫోను ఒకప్పటి ఛానల్ ఆఫీసు కంటే ఎక్కువ శక్తి గలది. కెమెరా ఉంది, రికార్డరు ఉంది, ప్రసార కేంద్రమూ ఉంది. దానిలో మీకు ఉచితంగా వస్తున్న ప్రతిదీ మీ సమయాన్ని ఎవరికో అమ్మడానికి వస్తున్నదేనని ఎం టీవీ లెక్క విన్నాక మీకు అర్థమై ఉంటుంది. చూడవద్దని నేననను. రోజూ చూసినంతసేపట్లో ఒక చిన్న వంతు తీయడానికి కేటాయించండి. షోలాపూర్‌లో మగ్గం ముందు కూర్చున్న తాతగారు ఏ పనిముట్టును ఏమంటారో అడిగి రికార్డు చేయండి. మీ నాయనమ్మ వడ్లు దంచుతూ పాడిన పాట ఆమె గొంతులోనే పట్టి ఉంచండి. పాట పోతే మళ్ళీ వేయడానికి ఏ ఛానలూ ఉండదు. ఎడిటింగు, శబ్దగ్రహణం, కెమెరా కూడా చదువులే, బతుకుతెరువులే. ఇంజినీరింగు ఒక్కటే చదువు అనుకునే తల్లిదండ్రులు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

మీరు ఈ రోజు తీసుకుంటున్న సొమ్ము ఎవరో ముసలివారు, తమకు ముఖపరిచయం కూడా లేని పిల్లల కోసం దాచి ఇచ్చినది. అందులో ప్రకటన లేదు, రుసుము లేదు, తిరిగి కట్టవలసిన బాకీ లేదు. ఒక తరం మరో తరాన్ని వదిలిపెట్టకపోవడం అంటే అదే. మీకూ వయసు వస్తుంది. అప్పుడు మీ తర్వాతి వాళ్ళను మీరు వదిలిపెట్టకండి.